కేసు కొట్టేశారని ఆగిపోకు, ముందు తేదీ చూడు

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

టెక్సాస్‌లో పోలీసుల మీద నువ్వు వేసిన సెక్షన్ 1983 కేసును (అధికారులు రాజ్యాంగ హక్కులను ఉల్లంఘించారని వేసే దావా) విచారణ దాకా రానివ్వకుండానే ఫెడరల్ జడ్జి కొట్టేశారని మీ నాన్న చెప్పాడు. నీ కోపం న్యాయమైనదే. కానీ ముందు తేదీ చూడు. తీర్పు నమోదైన 30 రోజుల్లోగా అప్పీలు నోటీసు వేయాలి. అదీ పై కోర్టులో కాదు, కేసు కొట్టేసిన ఆ జిల్లా కోర్టులోనే. చిన్న కాగితం అది, లాయరు దొరికేదాకా ఆగొద్దు. ఫీజు 605 డాలర్లు, కట్టలేకపోతే మినహాయింపు అడగొచ్చు.

గడువు విషయంలో జడ్జి మాట మీద కూడా ఆధారపడొద్దు. బౌల్స్ అనే ఖైదీకి అసలు గడువు దాటాక కోర్టు మళ్ళీ అవకాశం ఇచ్చింది. దానికి రూలు ప్రకారం 14 రోజులైతే, జడ్జి పొరపాటున 17 ఇచ్చారు. అతను 16వ రోజున నోటీసు వేశాడు. ఆ అప్పీలు చెల్లదని 2007లో సుప్రీంకోర్టు తేల్చేసింది. అది అన్యాయమనే నేను ఇప్పటికీ అంటాను, కానీ అమల్లో ఉన్నది అదే.

ఇక అసలు పని. ఆ రాత్రి జరిగింది మళ్ళీ మొదట్నుంచి చెప్పుకోవడం అప్పీలు కాదు. కొత్త వీడియోలు, కొత్త సాక్షులు అక్కడ పనికిరావు. జడ్జి ఉత్తర్వు ముందు పెట్టుకుని, చూపిన ప్రతి కారణం పక్కనా తప్పెక్కడుందో రాయి. ఒక్క కారణాన్ని వదిలేసినా దాని మీదే తీర్పు నిలబడిపోవచ్చు. ఫిర్యాదు దశలోనే కొట్టేశారు కాబట్టి, నువ్వు రాసిన వాస్తవాలు నిజమేనని అనుకుని, పై కోర్టులో ముగ్గురు జడ్జీలు కేసును కొత్తగా చూస్తారు. ఇది నీకు కలిసొచ్చే సంగతి.

పెద్ద అడ్డంకి క్వాలిఫైడ్ ఇమ్యూనిటీ, అంటే ఇలాంటి దావాల నుంచి అధికారులకు ఉండే రక్షణ. ఆ పని రాజ్యాంగ విరుద్ధమని అప్పటికే స్పష్టంగా తేలి ఉంటేనే అధికారి బాధ్యుడవుతాడు. అందుకని నీ సంఘటన కంటే ముందు వచ్చిన సుప్రీంకోర్టు, ఫిఫ్త్ సర్క్యూట్ (టెక్సాస్ కేసుల అప్పీళ్ళు వినే ఫెడరల్ కోర్టు) తీర్పులు వెతుకు. అనవసర బలప్రయోగం తప్పు అంటే చాలదు. బేడీలు వేశాక, ఎదురు తిరగని మనిషిని కొట్టారు అన్నంత దగ్గరి పోలిక కావాలి. దొరక్కపోతే 2020 నాటి టేలర్ వర్సెస్ రియోహాస్ చదువు. అంత దగ్గరి పాత తీర్పు లేకపోయినా, మలంతో నిండిన గదిలో ఖైదీని ఉంచడం తప్పని ఏ అధికారికైనా తెలిసుండాలని అందులో సుప్రీంకోర్టు అంది. అదీ టెక్సాస్ జైలు కేసే.

ఉత్తర్వులో 'వితౌట్ ప్రెజుడీస్', అంటే మళ్ళీ వేసే హక్కు పోకుండా కొట్టేశాం అని ఉందా? ఉంటే ఫిర్యాదు సరిదిద్ది మళ్ళీ వేయడమే దగ్గరి దారి కావచ్చు. అయితే టెక్సాస్‌లో ఈ కేసులకు కాలపరిమితి రెండేళ్ళే, అది దాటిందేమో చూసుకో. ఉత్తర్వు, ఫిర్యాదు రెండింటి కాపీలూ ఈ రాత్రికే నాకు పంపించు.

మీ పెదనాన్న