గ్రౌల్ చేయడానికి సంగీతం రావాలా?

ప్రశ్న: నాకు మెటల్ అనే హోరెత్తే రాక్ సంగీతం అంటే ప్రాణం. మా అన్నయ్య పదేళ్లు శాస్త్రీయ సంగీతం నేర్చుకున్నాడు. నేను అందులో ఒక రకమైన డెత్ మెటల్ పెట్టినప్పుడల్లా "ఇందులో పాడటం ఎక్కడుంది, అరవడం ఎవరికి రాదు?" అంటాడు. నాకు కోపం వస్తుంది కానీ ఏం చెప్పాలో తెలియదు. నిజంగా, గొంతు గరగరలాడిస్తూ లోతుగా పలికే ఈ గ్రౌలింగ్‌లో నైపుణ్యం ఉందా? మిగతా గాత్రాలతో పోలిస్తే అది ఎంత కష్టం?

జవాబు: ఓ నాలుగు నిమిషాలు అలా అరిచి చూపించమని మీ అన్నయ్యను అడగండి అని రాయబోయి ఆగిపోయాను. ఎందుకంటే నేర్చుకోని మనిషి అలా అరిస్తే రెండో నిమిషానికి దగ్గు, నాలుగో నిమిషానికి మంట, తెల్లారేసరికి గొంతు బొంగురు. ఇరవై ఏళ్ల వయసులో నాకు సరిగ్గా ఇదే జరిగింది, వారం రోజులు సైగలతో నెట్టుకొచ్చాను. గ్రౌల్ తెలిసిన గాయకుడు అదే పని గంటకు పైగా స్టేజి మీద చేసి, దిగి వచ్చి మామూలు గొంతుతో మాట్లాడతాడు, మర్నాడు ఇంకో ఊళ్లో మళ్లీ అంతే సేపు చేస్తాడు. అరవడం అందరికీ వచ్చు, నిజమే. కానీ గొంతు పోకుండా, ప్రతి రాత్రి అదే ధ్వని తెప్పించడం నేర్చుకుంటే తప్ప రాదు.

అది ఎలా సాధ్యమంటే, మన స్వరపేటికలో మాటకీ పాటకీ పనికొచ్చే స్వరతంత్రులు రెండు ఉంటాయి, పెద్దవాళ్లలో కూడా రెండు సెంటీమీటర్లకు అటూ ఇటూ ఉండే చిన్న మడతలు. వాటికి కాస్త పైన ఇంకో జత మెత్తని మడతలున్నాయి, వీటిని ఫాల్స్ కార్డ్స్ అంటారు. మామూలుగా మాట్లాడేటప్పుడు అవి పక్కకు తప్పుకుని ఊరికే ఉంటాయి. బరువైన పెట్టె ఎత్తుతుంటే నోట్లోంచి "హ్మ్" అని ఒక మూలుగు వస్తుంది చూడండి, అప్పుడు దగ్గరకు వచ్చేవి అవే. గ్రౌలర్ చేసేది ఏమిటంటే, ఆ పై మడతల్ని కావాలనుకున్నంత మేరకే దగ్గరకు తెచ్చి, కింది నుంచి ఊపిరిని నిలకడగా పంపి, వాటిని అదిరేలా చేయడం. ఆ గరగర చాలావరకు అక్కడ పుడుతుంది. కింద ఉన్న అసలు తంత్రుల్ని ఒకదానికొకటి గట్టిగా కొట్టుకోనివ్వకూడదు. అరుపులో జరిగేది సరిగ్గా ఆ కొట్టుకోవడమే, అందుకే గొంతు పోతుంది. బయటికి రెండూ ఒకేలా వినిపిస్తాయి, లోపల జరిగేది మాత్రం పూర్తిగా వేరు.

ఈ కండరాలు కంటికి కనపడవు, వేలు పెట్టి చూపించడానికి లేదు, అద్దంలో చూసుకుని సరిచేసుకోవడానికీ లేదు. మొత్తం లోపలి స్పర్శ మీదే నేర్చుకోవాలి. చాలామందికి మొదట్లో నెలల తరబడి వచ్చేది ఒక చిన్న గరగర మాత్రమే, దాన్ని ఓపిగ్గా పెంచుకుంటూ పోవాలి.

మీ అన్నయ్య ఒక మాట అడగొచ్చు, మరి శ్రుతి సంగతేమిటి అని. అక్కడ ఆయనదే పైచేయి, ఒప్పుకోండి. శాస్త్రీయ గాయకుడు ఒక గమకంలో స్వరం చుట్టూ ఎంత సన్నగా తిరిగి వస్తాడో, ఆ పరీక్ష గ్రౌలర్‌కు లేదు. పాశ్చాత్య సంగీత నాటకం ఒపెరాది ఇంకో రకం పరీక్ష, మైకు లేకుండా ఆర్కెస్ట్రా మీదుగా చివరి వరస దాకా వినిపించాలి. దానికోసం ఒపెరా గాయకులు, ముఖ్యంగా మగవాళ్లు, దాదాపు 3000 హెర్ట్జ్ దగ్గర తమ స్వరంలో ఒక మెరుపు తెప్పించుకుంటారు, ఆర్కెస్ట్రా బలం తగ్గే చోటు అదే కాబట్టి స్వరం వాద్యాలను దాటుకుని వస్తుంది. దీనికి ఏళ్లు పడుతుంది. గ్రౌల్ అలా కాదు, దానికి మైకు కావాల్సిందే. ఒకసారి మా రిహార్సల్‌లో పాట మధ్యలో గాయకుడి మైకు వైరు ఊడిపోయింది. ఆయన అలాగే గ్రౌల్ చేస్తూ ఉన్నాడు, నేను మూడడుగుల దూరంలో ఉన్నాను, డ్రమ్స్ ఆగాక వింటే అది గట్టిగా మాట్లాడే మాటకంటే పెద్దగా ఏమీ లేదు! పొట్ట మాత్రం రాయిలా బిగిసి ఉంది, మెడ నరాలు మామూలుగా ఉన్నాయి, భుజాలు వదులుగా ఉన్నాయి. ఆ రోజు నాకు ఈ విద్య అర్థమైంది. మెడ ఉబ్బిపోయి, మొహం ఎర్రబడితే అది గ్రౌల్ రాని లక్షణం.

శ్రుతి లేకపోతే ఇక మిగిలేదేమిటి అంటే, చాలా ఉంది. నాలుక, పెదవులు, అంగిలి ఎలా మలిస్తే ధ్వని అలా మారుతుంది. నోరు "ఓ" అన్నట్టు పెడితే గుహలోంచి వచ్చినట్టు లోతుగా, "ఈ" అన్నట్టు పెడితే పదునుగా. పైగా రెండు కాళ్లతో వాయించే డబుల్ బాస్ డ్రమ్స్ పరిగెత్తుతుంటే ఒక్కో అక్షరాన్ని లయలో సరిగ్గా పెట్టాలి, మాట అర్థమయ్యేలా పలకాలి, ఊపిరి తీసుకోవడానికి ఖాళీ వెతుక్కోవాలి. ఇది తాళవాద్యం వాయించడానికి దగ్గరగా ఉండే పని అని నాకు అనిపిస్తుంది.

ఇంకో మాట కూడా మీ అన్నయ్యకు చెప్పండి. ఆ పై మడతల్ని మెటల్ వాళ్లు కనిపెట్టలేదు. రష్యాలోని తువా ప్రాంత గాయకుల కర్‌గిరా అనే సంప్రదాయ గొంతుపాటలో అవి కింది తంత్రుల వేగంలో సగం వేగంతో అదురుతాయి, అందుకే స్వరం ఒక స్థాయి కిందికి దిగినట్టు వినిపిస్తుంది. ఇటలీ దీవి సార్డీనియా సంప్రదాయ బృందగానంలో బాస్ పాడేవాళ్లదీ అదే పద్ధతి. వాళ్లను సంప్రదాయ కళాకారులని గౌరవించి, వాళ్లు వాడే అవయవాన్నే మెటల్ వాళ్లు వాడితే అరుపు అనడం నాకు అన్యాయంగా తోస్తుంది.

అన్నిటికంటే కష్టమైనది ఏదని నన్నడిగితే, ఒకే పాటలో క్లీన్‌గా, అంటే గరగర లేని మామూలు గొంతుతో పాడుతూ గ్రౌల్‌లోకి వెళ్లి మళ్లీ శ్రుతి చెడకుండా వెనక్కి రావడం. ఓపెత్ బ్యాండ్ మైకేల్ ఓకర్‌ఫెల్ట్, జింజర్ బ్యాండ్ తత్యానా ష్మాయ్‌లుక్ చేసేది అదే. ఓపెత్ వాళ్లు 2011 నుంచి చాలా ఏళ్లు ఆల్బమ్స్‌లో గ్రౌల్ పక్కన పెట్టేశారు, 2024 ఆల్బమ్‌లో మళ్లీ తెచ్చారు. మొదట వాళ్ల పాట ఒకటి మీ అన్నయ్యకు వినిపించండి, క్లీన్ భాగం విన్నాక ఈ గొంతు సంగీతం రాని గొంతు అని ఆయన అనలేరు.

ప్రశ్న: ఆడవాళ్లు గ్రౌల్ చేస్తే మగవాళ్లంత లోతుగా రాదంటారు, నిజమా?

జవాబు: కాదు. మామూలు గొంతులో మగవాళ్ల స్వరం కింద ఉంటుంది, ఎందుకంటే వాళ్ల తంత్రులు పొడవు. గ్రౌల్‌లో పని ఎక్కువగా పై మడతలది, నోటి ఆకారానిది కాబట్టి ఆ తేడా బాగా తగ్గిపోతుంది. 2000లో ఏంజెలా గోసో అనే గాయని ఆర్చ్ ఎనిమీ బ్యాండ్‌లో చేరింది, ఆ రికార్డులు పేరు చెప్పకుండా ఎవరికైనా వినిపించి చూడండి. 2014లో ఆవిడ తప్పుకున్నాక వచ్చిన అలిస్సా వైట్-గ్లజ్ కూడా మహిళే.

ప్రశ్న: నేర్చుకోవాలని ఉంది. గొంతు పాడైపోతుందేమోనని ఇంట్లో వాళ్ల టెన్షన్. ఎలా మొదలుపెట్టాలి?

జవాబు: ఇంట్లో వాళ్ల భయంలో న్యాయం ఉంది. తప్పుగా చేస్తే తంత్రుల మీద నాడ్యూల్స్ అనే చిన్న గడ్డలు లేస్తాయి. అయితే అవి సినిమా పాటలు పాడేవాళ్లకీ, రోజంతా పాఠం చెప్పే టీచర్లకీ వస్తాయి, గ్రౌలింగ్ ఒక్కదాని మీదే నింద వేయకండి. వీలైతే నేర్పేవాళ్ల దగ్గరే మొదలుపెట్టండి. న్యూయార్క్‌లో మెలిస్సా క్రాస్ ఇలా నేర్పడానికి 2005లోనే ఒక డీవీడీ తెచ్చింది, అంటే ఇది దొంగచాటుగా నేర్చుకోవాల్సిన విద్య కాదు.

మొదటి నెల గ్రౌల్ జోలికే పోవద్దు. పొట్ట మీద చెయ్యి పెట్టుకుని "స్స్" అని ఒకే బలంతో ఇరవై సెకన్లు ఊపిరి వదలడం, మామూలు పాట పాడటం, ఇంతే. ఆ తర్వాత ఒక నిట్టూర్పు విడుస్తూ దాని చివర్లో చిన్న గరగర తగిలించి చూడండి, మెల్లగా, పక్క గదిలోకి వినపడనంత మెల్లగా. రోజుకు పది నిమిషాలు దాటొద్దు. గొంతు గీసుకున్నట్టు అనిపించినా, మంట పుట్టినా, దగ్గు వచ్చినా ఆ రోజుకి అక్కడితో ఆపేయండి, ఇంకో నాలుగుసార్లు చేస్తే అలవాటవుతుందిలే అనుకోవద్దు. మంచినీళ్లు బాగా తాగండి. గొంతు బొంగురు పోయిన రోజు గుసగుసగా మాట్లాడటం కూడా మేలు చేయదు, మౌనంగా ఉండండి. ఆ బొంగురు రెండు మూడు వారాలైనా తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించుకోండి, గ్రౌలింగ్ నేర్చుకుంటున్న సంగతి దాచకుండా చెప్పండి.