సైడ్ మిర్రర్లకి హీటర్ పెట్టించొచ్చా?

ప్రశ్న: నా దగ్గర పాత శాన్ స్టార్మ్ ఉంది. రెండు సీట్లు, క్లాత్ టాప్, వెనక ప్లాస్టిక్ కిటికీ. అంబాజీపేటలో మాకు కొబ్బరి కొట్టు ఉంది. ధనుర్మాసంలో తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరి, కొత్తపేట మీదుగా రావులపాలెం చేరేలోపు సైడ్ మిర్రర్లు నాలుగైదుసార్లు తుడవాల్సి వస్తోంది. వెనక లారీ ఉందో లేదో తెలియక ఒకటే టెన్షన్. పెద్ద కార్లలో లాగా మిర్రర్లకి హీటర్ పెట్టించొచ్చా? వైరింగ్ కాలిపోతుందని మా మెకానిక్ భయపెడుతున్నాడు.
– ఒక పాఠకుడు, అంబాజీపేట

జవాబు: ఆయ్, పెట్టించొచ్చండి. స్టార్మ్ పేరు చదవగానే ప్రాణం లేచొచ్చింది. మన దేశంలోనే తయారైన బుల్లి స్పోర్ట్స్ కారు, లోపల రెనో ఇంజను, పైన ఫైబర్ బాడీ. మీ పనిలో మెలికంతా ఆ ఫైబర్ దగ్గరే ఉంది.

దానికన్నా ముందు ఒక పరీక్ష చేయండి. ఈసారి మసకబారినప్పుడు డోరు అద్దం దించి మిర్రర్‌ని నేరుగా చూడండి. మిర్రర్ శుభ్రంగా కనిపిస్తే, తేమ పట్టింది డోరు అద్దానికన్నమాట. ఏసీ గాలి తగిలి చల్లబడిన అద్దానికి బయటి తేమ పడుతుంది. వానాకాలంలో మన వైపు ఇది మామూలే. అప్పుడు పక్క ఏసీ రెక్క తిప్పేస్తే చాలు, హీటరుతో పని లేదు. మిర్రరే మసకగా ఉంటే హీటరు బాగా పనిచేస్తుంది. గుడ్డతో తుడిచినా అద్దం చల్లగానే ఉంటుంది కనుక, కాలవ గట్టు మీద నాలుగు కిలోమీటర్లు వెళ్లేసరికి మళ్లీ మంచు పడుతుంది. అద్దం వెచ్చబడితే ఇక పట్టదు.

హీటరంటే అద్దం వెనక అతికించే పల్చటి ప్యాడ్, అంతే. 15 వాట్లది తీసుకుంటే 12 వోల్టుల మీద ఒక్కోటి 1.25 ఆంపియర్లు లాగుతుంది. రెండూ కలిపి 30 వాట్లు, మీ హెడ్‌లైట్ బల్బు ఒక్కదానిలో సగం. దీనికే వైరింగ్ కాలిపోదు. కానీ ఏ ఇండికేటర్ వైరునో గీకి అతుకు వేశారంటే మాత్రం మీ మెకానిక్ మాటే నిజమవుతుంది. బ్యాటరీ దగ్గర 5 ఆంపియర్ల ఫ్యూజు పెట్టి కొత్త లైను లాగించండి, మధ్యలో రిలే (చిన్న కరెంటుతో పెద్ద లైనుని కలిపే, విడదీసే స్విచ్చి) ఉండాలి. రిలేకి వెళ్లే స్విచ్చి కరెంటు ఇగ్నిషన్ నుంచే తీసుకోండి, తాళం తీస్తే హీటరు ఆగిపోవాలి. వెనక డీఫాగర్ (వెనక అద్దం మసక పోగొట్టే హీటరు) ఉన్న కార్లలో సాధారణంగా మిర్రర్లని ఆ లైనుకే కలుపుతారు, కాసేపటికి టైమరే ఆపేస్తుంది. మీది ప్లాస్టిక్ కిటికీ కాబట్టి ఆ లైను ఉండదు. పది నిమిషాల టైమర్ రిలే విడిగా కొనాలి.

ఇక ఫైబర్ సంగతి. మామూలు కారుకి ఎర్త్ వైరు, అంటే కరెంటు తిరిగి బ్యాటరీకి చేరే నల్ల వైరు, డోరు రేకుకే బిగించేస్తాం. ఫైబర్‌లో కరెంటు పారదు. అందుకని ఆ నల్ల వైరు విడిగా లాగి చాసిస్ ఇనుముకి, రంగు గీకిన చోట, బోల్టుతో బిగించండి.

డోరు మడత దగ్గర నేను చేసిన తప్పు మీరు చేయకండి. ఒక కారుకి వైరు బిగువుగా లాగేశాను. డోరు తీసి మూసి తీసి మూసి ఆరు నెలలకి లోపల రాగి తెగింది. పైన తొడుగు చెక్కుచెదరలేదు, అందుకని ఒక పూటంతా ఫ్యూజుల చుట్టూ తిరిగాను. డోరు బార్లా తీసినా వైరుకి ఇంకా కాస్త వంపు మిగలాలి.

అద్దం ఊడదీసేటప్పుడు హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చచేసి, నెమ్మదిగా. ప్యాడ్ అద్దం కన్నా కాస్త చిన్నది కొనండి. పెద్దది కొని కత్తిరిస్తే లోపల కరెంటు పారే గీత తెగుతుంది, ఇక అది చెత్తబుట్టకే. అతికించే ముందు మల్టీమీటరుతో ప్యాడ్ నిరోధం ఎన్ని ఓమ్‌లో చూడండి, 15 వాట్లదైతే పదికి కాస్త తక్కువ చూపించాలి.

వాన చుక్కలు ఆరడానికి మాత్రం చాలాసేపు పడుతుంది. జడివానలో మళ్లీ గుడ్డే గతి.