నాన్నగారి స్టాంపులు: గుత్తగా ఇచ్చేయకండి

ప్రశ్న: మాది బరంపురం. నాన్నగారు పోయి ఏడాదైంది. ఆయన పోగుచేసిన స్టాంపుల ఆల్బమ్‌లు మూడు, తాతగారి నాటి ఉత్తరాలు ఒక ట్రంకు పెట్టెడు ఉన్నాయి. వీలునామా రాయలేదు. అమ్మ నా దగ్గరే ఉంటుంది, చెల్లెలు శ్రీకాకుళంలో. పాత నాణేలు కొనే ఒకాయన ఆల్బమ్‌లు తిరగేసి, పెట్టెతో సహా 40 వేలిస్తానన్నాడు. తీసుకుని ఇంటి లోనుకి కట్టేయనా?

జవాబు: ఆగండి. కొనేవాడు చెప్పింది వెల కాదు, ఆయనకు గిట్టుబాటయ్యే బేరం. అదీగాక ఆల్బమ్‌లు చూసి, పెట్టె కూడా కలిపి అడిగాడంటే అసలు విలువ ఆ పెట్టెలోనే ఉందేమోనని నా అనుమానం.

ఆల్బమ్‌లో కంటికి ఇంపుగా ఉండే పేజీలకి తరచూ డబ్బు తక్కువే. తూర్పు యూరప్ దేశాల రంగురంగుల పెద్ద స్టాంపులు చాలావరకు సేకర్తల కోసమే పోస్టుముద్ర కొట్టి ప్యాకెట్లలో అమ్మినవి. మన దేశంవైనా గత యాభై ఏళ్లలో వచ్చినవి లక్షల్లో అచ్చయ్యాయి. ఉత్తరాల సంగతి వేరు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మీ బరంపురం ఉన్న గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. ఆనాటి బరంపురం, గోపాల్‌పూర్, పర్లాకిమిడి పోస్టుముద్రలు స్పష్టంగా పడిన కవర్లుంటే వాటిని వెతికే సేకర్తలు వేరే ఉంటారు. కవరు మీంచి స్టాంపు ఊడదీశారో, ఆ విలువ అక్కడే పోతుంది. నానబెట్టడం, జిగురు పూయడం, లామినేషన్ ఏదీ చేయకండి.

నైజాం స్టాంపులు, బ్రిటిష్ కాలంవి, 1948 ఆగస్టు 15న వచ్చిన గాంధీ స్టాంపులు విడిగా పెట్టండి. గాంధీ వరుసలో అణాన్నరది మామూలే, 10 రూపాయలదే ఖరీదైనది. దానికి నకిలీలూ ఎక్కువే కాబట్టి నిపుణుల ధ్రువపత్రం లేకుండా మంచి ధర రాదు. ఆ ఖర్చు అలాంటి ఒకటి రెండింటికే పెట్టండి, అన్నిటికీ పెడితే వచ్చేదానికన్నా పోయేదే ఎక్కువ.

ప్రతి పేజీకీ, ప్రతి కవరుకీ రెండు వైపులా ఫొటో తీసి జాబితా రాయండి. ఫిలాటెలీ (స్టాంపుల సేకరణ) సంఘాల్లోని పాత సేకర్తలకి ముందు ఆ ఫొటోలు చూపిస్తే చాలు. పోస్టాఫీసు ఫిలాటెలీ కౌంటరుకి వెళ్లి లాభం లేదు, వాళ్లు కొత్తవి అమ్ముతారు తప్ప పాతవాటికి వెల కట్టరు. వెల కట్టేవారికి ఫీజు ఇంత అని ముందే మాట్లాడుకోండి, శాతం లెక్కన వద్దు. వెల కట్టినాయనే తర్వాత కొంటానన్నా ఒప్పుకోవద్దు. లండన్ స్టాంపుల వ్యాపార సంస్థ స్టాన్లీ గిబ్బన్స్ కేటలాగు చూసి సంబరపడకండి. అందులోది మంచి స్థితిలో ఉన్న స్టాంపుని వాళ్లు అమ్మే ధర, మీ చేతికొచ్చేది అందులో కొంతే.

ఈ సొత్తు మీ ఒక్కరిదే కాదు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా లేనప్పుడు నాన్నగారి స్వార్జితంలో అమ్మకీ చెల్లెలికీ మీతో సమాన వాటా. జాబితా చెల్లెలికి పంపి, అమ్మే ముందు ఇద్దరి చేతా ఒప్పుదల రాయించుకోండి. వారసత్వంగా వచ్చినందుకు ఆదాయపు పన్ను లేదు. అమ్మి పెద్ద మొత్తం వస్తే మాత్రం ఆడిటర్‌ని కలవండి.

లోను లెక్కలో దీన్ని ఇప్పుడే కలపకండి. వేలానికి ఇస్తే కమీషన్ పోతుంది, డబ్బు రావడానికి నెలలు పడుతుంది. ఈలోగా పెట్టెని నేల మీంచి తీసి, తడి తగలని అల్మారాలోకి మార్చండి. మన సముద్రపు గాలికి ఉత్తరాలు ఒకదానికొకటి అంటుకుపోతాయి.