ఎండాకాలమని పిల్లల్ని గడప దాటనివ్వకూడదా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది దేవరకొండ దగ్గర ఒక ఊరు. అయిదేళ్ల పాప, 14 నెలల బాబు ఉన్నారు. పోయిన ఏడాది మే నెలలో అందరం సాగర్ వెళ్లి మధ్యాహ్నమంతా తిరిగాం. ఆ రాత్రి పాపకు వాంతులు, ఒళ్లు కాలిపోయే జ్వరం. ఊళ్లోనే సెలైన్ ఎక్కించారు, రెండు రోజులకు తేరుకుంది. అప్పటి నుంచి ఎండాకాలం వస్తే చాలు, మా అత్తమ్మ పిల్లల్ని బయటికి పోనివ్వడం లేదు. పొద్దంతా టీవీ, ఫోనే. పాపేమో పిల్లలమర్రి చూపించమని ఏడుస్తోంది. మా చెల్లెలు కూడా నాలుగు నెలల బిడ్డతో వచ్చి ఉంది. ఇంత చిన్న పిల్లలతో ఎండాకాలం బయటికి వెళ్లొచ్చా? ఈత కల్లు రెండు గుక్కలు తాగిస్తే చలవ అంటున్నారు, నిజమేనా?
– ఒక తల్లి, నల్గొండ జిల్లా

జవాబు: అమ్మా, వెళ్లొచ్చు. కల్లు మాత్రం ఒక్క చుక్క కూడా వద్దు. మిగతాది వివరంగా చెబుతాను.

పోయిన ఏడాది మీ పాపకు వచ్చింది ఎండ ప్రభావమా, బయట తాగిన నీళ్ల వల్ల వచ్చిన ఇన్ఫెక్షనా అన్నది ఇప్పుడు ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను. రెండూ కలిసి కూడా ఉండొచ్చు. కానీ మీరు రాసిన దాంట్లో ఒక్క మాట నాకు బాగా తగిలింది, 'మధ్యాహ్నమంతా తిరిగాం' అన్నారు చూడండి, అదే. మే నెలలో మన నల్గొండ, పాలమూరు వైపు పగటి ఎండ 43, 44 డిగ్రీలు దాటడం కొత్తేమీ కాదు. మన ఒంటి వేడి 37 డిగ్రీలు. బయటి గాలి అంతకంటే వేడిగా ఉంటే అది ఒంటిని చల్లబరచదు, ఇంకా వేడెక్కిస్తుంది. అందుకే బండి మీద పోతుంటే గాలి తగులుతుంది కదా అనే ధీమా మధ్యాహ్నం పూట పనికిరాదు. పెట్రోల్ ట్యాంకు మీద ముందు కూర్చున్న పిల్లకు ఆ వడగాలి నేరుగా ముఖానికే కొడుతుంది. పైగా పసివాళ్లకు బరువుతో పోలిస్తే చర్మం ఎక్కువ, బయటి వేడిని తొందరగా లాగేస్తారు, చెమట మనకు పట్టినంతగా పట్టదు. ఆటలో పడితే దాహం సంగతే గుర్తుండదు, 14 నెలలవాడికి అడగడం కూడా రాదు. మనకు కొంచెం అలసటగా అనిపించేసరికే వాళ్లు డీలా పడిపోయి ఉంటారు.

కాబట్టి మీ అత్తమ్మ భయంలో న్యాయం ఉంది. కాకపోతే ఆమె కోపం సాగర్ మీదా బయట తిరగడం మీదా కాకుండా పదకొండు నుంచి నాలుగున్నర దాకా కాసే ఎండ మీద ఉండాలి. పొద్దున తొమ్మిదిన్నర లోపు, సాయంత్రం అయిదు దాటాక పిల్లలు బయట ఆడుకోవాలి, ఆడుకుని తీరాలి. రోజూ బయటి వెలుతురులో ఆడే పిల్లలకు కంటి అద్దాలు పడే అవకాశం తగ్గుతుంది, ఆకలి వేస్తుంది, రాత్రి నిద్ర పడుతుంది. రెండేళ్ల లోపు పిల్లలకు టీవీ, ఫోన్ అసలు వద్దని, అయిదేళ్ల లోపు వాళ్లకు రోజుకు గంట మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మీ ఇంట్లో ఆ లెక్క ఎక్కడికి పోయిందో మీకే తెలుసు, మిమ్మల్ని తప్పుపట్టడానికి అనడం లేదు, నా దగ్గరికి వచ్చే ప్రతి ఇంట్లో ఇదే కథ.

సాగర్ వెళ్లాలనుకుంటే తెల్లవారక ముందే బయలుదేరండి. పొద్దు పొడిచే వేళకు హిల్ కాలనీ వైపు ఉంటే ఆ చల్లటి గాలిలో డ్యామ్‌ను దూరం నుంచి చూపించి, తెచ్చుకున్న ఇడ్లీలో పులిహోరో తినిపించి, ఎండ ముదిరేలోపు ఫ్యాను ఉన్న గది చూసుకోవాలి, లేదా ఇంటి దారి పట్టాలి. గేట్లు ఎత్తితే దూకే నీళ్లు చూడాలని ఎండలో పిల్లల్ని నిలబెట్టొద్దు, ఆ సంబరం కృష్ణకు వరద వచ్చే వానాకాలంలోది, మే నెలలో ఉండదు. అక్కడి బౌద్ధ థీమ్ పార్కు బుద్ధవనం చాలా పెద్ద ఆవరణ, చిన్న కాళ్లతో మొత్తం తిరగలేరు, సగం చూసి వచ్చినా నష్టం లేదు. ఇంకొకటి, గుళ్ల దగ్గర చెప్పులు విప్పిస్తాం కదా, పానగల్ ఛాయా సోమేశ్వరాలయమైనా మీ ఊరి గుడి అయినా పదింటికే బండలు కాలిపోతుంటాయి, పిల్లల పాదాలు మెత్తన, బొబ్బలు లేచి వచ్చిన పిల్లల్ని చూశాను. అలాంటి చోట ఎత్తుకోండి, లేదా మందపాటి మేజోళ్లు వేయండి. పార్కుల్లో ఇనుప జారుడుబల్ల మీద కూర్చోబెట్టే ముందు మీ అరచేయి ఆనించి చూడండి.

పిల్లలమర్రికి తప్పకుండా తీసుకెళ్లండి. మహబూబ్‌నగర్ పట్టణానికి దగ్గర్లోనే, ఏడు వందల ఏళ్ల నాటిదని చెప్పుకునే మర్రి. 2018లో చెదలు పట్టి కొమ్మలు కూలిపోతుంటే మనుషులకు పెట్టినట్టే సెలైన్ సీసాలు వేలాడదీసి కొమ్మలకు మందు ఎక్కించారు. పోయిన ఏడాది తన చేతికి సూది గుచ్చిన సంగతి పాపకు గుర్తుండే ఉంటుంది, చెట్టుకు కూడా సెలైన్ పెట్టారని చెప్పి చూపించండి, తన భయం కొంత తగ్గుతుంది.

రోజూ ఊళ్లు తిరగనక్కరలేదు కూడా. పొద్దున్నే మామిడి తోటకు, సాయంత్రం చెరువు గట్టుకు, చీకటి పడ్డాక డాబా మీద నీళ్లు చల్లి చాప వేసుకుని చుక్కలు లెక్కపెట్టడం, ఇవన్నీ షికార్లే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, మే చివరన మొదలయ్యే ఆ రెండు వారాలు మాత్రం దూర ప్రయాణాలు మానేసి ఇలాంటివే పెట్టుకోండి.

ఇక నీళ్ల సంగతి. మీ బాబు పది కిలోలు ఉన్నాడనుకుందాం, మామూలు రోజుల్లోనే పాలు, జావ, నీళ్లు అన్నీ కలిపి రోజుకు లీటరు దాకా లోపలికి పోవాలి. పాప పదహారు కిలోలుంటే లీటరుంపావు పైన. ఎండలో ఇంకా ఎక్కువ కావాలి. ఒకేసారి గ్లాసెడు తాగమని గద్దించకుండా ప్రతి ఇరవై నిమిషాలకు రెండు మూడు గుక్కలు ఇవ్వండి. సరిపోయాయా లేదా అన్నది మూత్రం చెబుతుంది. లేత పసుపు రంగులో, మూడు నాలుగు గంటలకోసారి వస్తుంటే టెన్షన్ లేదు. ముదురు పసుపులో చుక్కలు చుక్కలుగా, మంటతో వస్తోందంటే నీళ్లు తగ్గాయి. ఇంటి నుంచే నీళ్లు పట్టుకెళ్లండి, పల్చటి చల్లలో చిటికెడు ఉప్పు, నిమ్మరసం, కొబ్బరి నీళ్లు, జొన్న అంబలి, రాగి జావ, మన ఇళ్లలో ఉన్నవే చాలు. కూల్‌డ్రింకులు దాహం తీర్చవు, పళ్లు పాడుచేస్తాయి.

ఓఆర్ఎస్ ప్యాకెట్లు రెండు సంచిలో పెట్టుకోండి. పొడి ప్యాకెట్టే కొనాలి. దుకాణాల్లో అట్ట డబ్బాల్లో అమ్మే తియ్యటి పానీయాల మీద కూడా ఆ పేరు రాసి ఏళ్ల తరబడి అమ్మారు, వాటిలో చక్కెర ఎక్కువ, ఉండాల్సిన లవణాలు తక్కువ, విరేచనాల పిల్లలకు అవి పడితే పరిస్థితి ఇంకా ముదురుతుంది. హైదరాబాద్‌కు చెందిన ఒక పిల్లల డాక్టరమ్మ ఏళ్ల తరబడి పోరాడితే చివరికి 2025 అక్టోబర్‌లో, అసలు ఫార్ములా లేని పానీయాలకు ఆ పేరు పెట్టొద్దని ఆహార భద్రత సంస్థ ఆదేశించింది. పొడి ప్యాకెట్ మీ ఆశా కార్యకర్తను అడిగితే ఉచితంగానే ఇస్తారు. లీటరు ప్యాకెట్‌ను లీటరు నీళ్లలో మొత్తం ఒకేసారి కలపాలి, సగం పొడి ఇప్పుడు సగం రేపు అని గ్లాసులో అందాజాగా కలిపితే ఉప్పు లెక్క తప్పి ప్రమాదం. కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి.

మీ చెల్లెలి బిడ్డకు ఇదేదీ వర్తించదు. నాలుగు నెలల బిడ్డకు ఎంత ఎండైనా తల్లిపాలే, మంచినీళ్లు కూడా వద్దు. తల్లిపాలలో ఎక్కువ భాగం నీళ్లే. బిడ్డకు తరచుగా పట్టమనండి, తల్లి మాత్రం పట్టినప్పుడల్లా తాను ఒక గ్లాసు నీళ్లు తాగాలి. గొంతు తడుపుతామని పెద్దవాళ్లు తేనె నాకిస్తారు, ఏడాది లోపు పిల్లలకు తేనె ప్రమాదం. బయటికి తెస్తే పల్చటి నూలు బట్ట చాలు, ఎండ తగలకుండా మందపాటి తువ్వాల ముఖం మీదుగా కప్పేస్తారు చూడండి, లోపల గాలి ఆడక బిడ్డ ఉడికిపోతుంది. ఇంత చిన్న బిడ్డను మధ్యాహ్నం ప్రయాణం అసలు పెట్టొద్దు.

కల్లు విషయం గట్టిగానే చెబుతాను. అది సారాయి లాగే మత్తు పదార్థం, చలవ చేయదు, పైగా మూత్రం ఎక్కువ పోయేలా చేసి ఒంట్లో నీళ్లు తగ్గిస్తుంది. పసివాళ్లలో రక్తంలో చక్కెర పడిపోయి ఫిట్స్ రావచ్చు. అది స్వచ్ఛమైన చెట్టు కల్లయినా సరే. మన ప్రాంతంలో ఆల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు మందులు కలిపిన కల్లు ఎందరిని ఆసుపత్రుల పాలు చేసిందో మీకు నేను చెప్పాలా? పెద్దల మాట కాదనలేక ఒప్పుకోకండి, నా పేరు చెప్పి ఆపేయండి.

తాటి ముంజలు మాత్రం ఎన్నైనా, లేతవి, పొట్టు తీసి. బాబుకు మెత్తగా నలిపి పెట్టాలి, ముక్కగా జారితే గొంతుకు అడ్డం పడుతుంది. అంతకంటే భయం పల్లీలతో. ప్రయాణంలో ఉడకబెట్టిన పల్లికాయ కొనుక్కుని తింటూ పిల్లల చేతిలో నాలుగు గింజలు పెడతాం, బస్సు కుదుపుకు అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నాలుగేళ్ల లోపు పిల్లలకు గింజ గింజగా పల్లీలు, శనగలు, మక్క గింజలు ఇవ్వొద్దు. కోసి పెట్టిన పుచ్చకాయ ముక్కలు, ఐస్ వేసిన చెరుకు రసం, రంగు ఐస్ వద్దు. ఆ ఐస్ ఏ నీళ్లతో చేశారో తెలియదు, టైఫాయిడ్, పచ్చకామెర్లు ఎండాకాలంలో చాలావరకు ఆ దారినే వస్తాయి.

కారులో వెళ్తే అద్దం కాస్త దించి ఉంది కదా అని పిల్లల్ని లోపల వదిలి రెండు నిమిషాలు కూడా దిగొద్దు. ఎండలో ఆపిన కారులో పది నిమిషాలకే వేడి పది డిగ్రీల దాకా పెరిగిపోతుంది.

నీళ్ల దగ్గర ఎండ కంటే పెద్ద ప్రమాదం ఉంది. సాగర్ కాలువలు పైకి నెమ్మదిగా కనిపిస్తాయి, లోపల ఒరవడి ఎక్కువ, సిమెంటు గట్టు పాచి పట్టి జారుతుంది, పడితే పట్టుకోవడానికి ఏమీ దొరకదు. మునిగే పిల్లలు కేకలు వేయరమ్మా, చప్పుడే ఉండదు. ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు ఉన్నప్పుడే ఎక్కువ జరుగుతుంది, ఎవరో ఒకరు చూస్తున్నారులే అనుకుంటారు. ఫలానా గంట నీది, ఫలానా గంట నాది అని పేరు పెట్టి పంచుకోండి, ఆ మనిషి చేతిలో ఫోన్ ఉండకూడదు. బావిలో బెండ్లు కట్టి ఈత నేర్పడం అయిదేళ్ల పాపకు ఈ ఏడాది వద్దు.

ఇన్ని చూసుకున్నా ఒక్కోసారి పిల్ల వాడిపోవచ్చు. చిరాకు, తలనొప్పి, వికారం, విపరీతమైన చెమట, నిలబడలేకపోవడం కనిపిస్తే వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా మామూలు నీళ్లతో తడిపి విసరండి, ఓఆర్ఎస్ చెంచా చెంచాగా పట్టండి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టండి. అరగంటలో తేరుకుని ఆటకు లేస్తుంది చాలాసార్లు. అలా కాకుండా మాట తడబడినా, పిలిస్తే పలకకపోయినా, ఫిట్స్ వచ్చినా, ఒళ్లు నిప్పులా కాలుతున్నా అది వడదెబ్బే అనుకుని 108కి ఫోన్ చేయండి, అంబులెన్సు వచ్చేదాకా ఆగకుండా నీళ్లు పోస్తూ విసురుతూ ఉండండి, చంకల్లో, మెడ దగ్గర, గజ్జల్లో చల్లటి తడిగుడ్డలు పెట్టండి. ఆ నిమిషాలే ప్రాణం. స్పృహ సరిగా లేని బిడ్డ నోట్లో నీళ్లు పోయొద్దు. పారాసిటమాల్ వడదెబ్బ వేడిని దించదు, దాని కోసం మెడికల్ షాపుకు పరుగెత్తి సమయం పోగొట్టుకోవద్దు. జేబులో ఉల్లిగడ్డ పెట్టుకుంటే పెట్టుకోండి, హాని లేదు, కానీ దాని భరోసాతో ఎండలోకి వెళ్లొద్దు. ఇక బాబు విషయంలో ఆరేడు గంటలు మూత్రం లేకపోయినా, ఏడిస్తే కన్నీళ్లు రాకపోయినా, కళ్లు లోతుకు పోయినా, చెల్లెలి బిడ్డకు మాడు గుంట పడినా రాత్రి అని చూడకుండా పిల్లల డాక్టరు ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. చెమటకాయలకు పౌడర్ దట్టించొద్దు, రెండు పూటలా స్నానం, పల్చటి నూలు జుబ్బా చాలు.

మీ అత్తమ్మను ఇంట్లో వదిలి వెళ్లకండి, వెంట తీసుకెళ్లండి. పిల్లల్లాగే అరవై దాటిన వాళ్లకూ ఎండ ఎక్కువ కొడుతుంది, కాబట్టి ఆమెకు కుదిరే వేళలే పిల్లలకూ కుదురుతాయి. ఆమె బీపీ మాత్రలు వాడుతుంటే వాటిలో కొన్ని మూత్రం ఎక్కువ పోయేలా చేస్తాయి, బయలుదేరే ముందు మాత్రల చీటీ ఒకసారి మీ డాక్టరుకు చూపించండి.