కారులో ఒక్క డోరు లాకే మొరాయిస్తుంటే ముందు రబ్బరు గొట్టంలోని వైర్లు చూడండి

మీ కారు రిమోట్ నొక్కితే మూడు డోర్లు సరిగా లాకై, డ్రైవర్ వెనుక డోరు మాత్రం ఒక్కోసారి పనిచేసి ఒక్కోసారి మొరాయిస్తోందని రాశారు కనుక, రిమోట్‌నూ ఫ్యూజునూ పక్కన పెట్టవచ్చు. డోరుకూ, అది బిగించి ఉన్న బాడీ పిల్లరుకూ మధ్యనున్న రబ్బరు గొట్టంలో వైరు తెగి ఉండే అవకాశమే ఎక్కువ. ఆటోనగర్ మెకానిక్ యాక్చుయేటర్ (లాక్‌ను కదిపే చిన్న మోటారు) మార్చాలన్నారని అప్పుడే కొనకండి.

1. డోరును మెల్లగా ఊపుతూ మరొకరిచేత రిమోట్ నొక్కించండి. ఏదో ఒక కోణంలో లాక్ కదిలితే వైరే కారణం.

2. డోరు ప్యాడ్ (లోపలివైపు కప్పు) విప్పి, కనెక్టర్ తీసి, మోటారుకు వెళ్లే రెండు వైర్ల మధ్య ఇండికేటర్‌లో వాడే 21 వాట్ల బల్బు పెట్టి మళ్లీ రిమోట్ నొక్కించండి. చాలామంది ఇక్కడ మల్టీమీటరుతో సరిపెట్టుకుంటారు. రాగి పోగుల్లో ఒక్కటి మిగిలినా మీటరు 12 వోల్టులు చూపిస్తుంది, కానీ మోటారును తిప్పేంత కరెంటు ఆ ఒక్క పోగు గుండా రాదు. లాక్‌కూ అన్‌లాక్‌కూ బల్బు ఒక్క క్షణమే మెరుస్తుంది, కనుక కన్ను దానిమీదే ఉంచండి.

3. బల్బు వెలగకపోయినా, మినుకుమన్నా, బ్యాటరీ నెగటివ్ తీసేసి, గొట్టం జరిపి ఒక్కొక్క వైరును వేళ్లతో లాగండి. పైతొడుగు చెక్కుచెదరకుండా కనిపించినా, రాగి తెగిన చోట అది సాగుతుంది. అంతే మందం కొత్త వైరు వేసి, అతుకులను గొట్టానికి వెలుపల, వంపు పడని చోట పెట్టించండి.

బల్బు రెండుసార్లూ నిండుగా వెలిగితే మాత్రం యాక్చుయేటర్ మార్చించండి.