షియాన్‌లో మట్టి సైనికులకి సగం రోజు చాలు

2025 అక్టోబర్ ఆఖర్లో ఇండియా నుంచి చైనాకి డైరెక్ట్ ఫ్లైట్లు మళ్ళీ మొదలయ్యాయి కదా, అప్పట్నుంచి ఈ శీర్షికకి చైనా ప్రశ్నలు బాగా వస్తున్నాయి. బీజింగ్, షాంఘై సంగతి ఏ ట్రావెల్ ఏజెంట్‌ని అడిగినా చెప్తాడు, అందుకే ఈసారి షియాన్ మీద వచ్చిన ప్రశ్నలు మాత్రమే తీసుకున్నాం.

ప్రశ్న: మేం తీసుకున్న చైనా ప్యాకేజీలో షియాన్‌కి ఒక్క రోజే ఇచ్చారు. టెర్రకోట ఆర్మీ చూపించి రాత్రికి ఫ్లైట్ ఎక్కిస్తారట. సరిపోతుందా సర్? (హైదరాబాద్ పాఠకుడు)

సరిపోదండీ. ప్యాకేజీ వాళ్ళకి షియాన్ అంటే మట్టి సైనికులే, అవి చూపించేస్తే వాళ్ళ పని అయిపోయినట్టు. అసలు ఆ బొమ్మలున్నది ఊళ్ళో కాదు, తూర్పున లింటాంగ్ వైపు, దాదాపు 40 కిలోమీటర్ల దూరంలో. పొద్దున్నే బస్సెక్కించి, దార్లో ఒక జేడ్ రాళ్ళ షాపు, ఒక సిల్క్ షాపు తిప్పి, భోజనం పెట్టించి, బొమ్మలు చూపించి, అటు నుంచి అటే ఎయిర్‌పోర్ట్‌కి తీసుకెళ్ళిపోతే మీరు షియాన్ వెళ్ళొచ్చి కూడా షియాన్ చూడనట్టే. కనీసం మూడు రోజులు పెట్టుకోండి, అందులో సైనికులకి సగం రోజు ఇవ్వండి చాలు.

ఆ సగం రోజైనా సరిగ్గా వాడుకోవాలి. టికెట్ 120 యువాన్లు, పాస్‌పోర్ట్ నంబర్‌తో ముందే ఆన్‌లైన్లో బుక్ చేస్కోవాలి, గేటు దగ్గర చూస్కుందాంలే అనుకోకండి. సొంతంగా వెళ్ళాలంటే మెట్రో 9వ లైన్లో హువాచింగ్ చి స్టేషన్ దాకా వెళ్ళి అక్కడ బస్సెక్కొచ్చు. లోపల మూడు గుంటలుంటాయి. అందరూ ఒకటో నంబర్ గుంటకే పరిగెడతారు, అదే పెద్దది మరి, 230 మీటర్ల పొడవు, 62 మీటర్ల వెడల్పు, అన్నీ తవ్వితే అందులోనే 6 వేలకి పైగా బొమ్మలుంటాయని అంచనా. నన్నడిగితే చిన్నదైన మూడో దాంతో మొదలుపెట్టి, రెండోది చూసి, చివర్లో ఒకటికి రండి, పెద్దది ముందే చూసేస్తే మిగతా రెండూ చప్పగా అనిపిస్తాయి. రెండో గుంటలో దొరికిన మోకాలి మీద కూర్చున్న విలుకాడి బొమ్మ అద్దాల పెట్టెలో దగ్గర్నుంచి చూడొచ్చు, వెనక్కెళ్ళి వాడి చెప్పు అడుగు చూడండి, కుట్లు కూడా చెక్కారు! 2200 ఏళ్ళ కిందట, మట్టిలో పూడ్చేసే బొమ్మకి, ఎవరూ చూడని చెప్పు అడుగుకి అంత పనా అనిపిస్తుంది.

వీటిని 1974లో బావి తవ్వుతున్న రైతులు బయటపెట్టారు. చేసినప్పుడు అన్నిటికీ రంగులు వేశారు, ఎరుపు, పచ్చ, ఊదా, తవ్వి తీశాక బయటి పొడిగాలి తగలగానే నిమిషాల్లో పెచ్చులు లేచిపోయేవి, చైనా వాళ్ళు తొందరపడి మిగతాది తవ్వకపోవడానికి అదో కారణం. ఈ సైన్యాన్ని తన సమాధికి కాపలాగా పెట్టించుకున్న చైనా మొదటి చక్రవర్తి చిన్ షి హువాంగ్ అసలు సమాధి అయితే ఇప్పటికీ తెరవలేదు. లోపల పాదరసంతో నదులు చేసి పెట్టారని పాత చరిత్రకారుడు సిమా చియాన్ రాశాడు, పైన మట్టిని పరీక్షిస్తే పాదరసం నిజంగానే ఎక్కువగా ఉంది. బయటికి చూస్తే మాత్రం అదో చెట్ల దిబ్బ, అంతే. సైనికుల టికెట్ మీదే ఆ సమాధి దగ్గర దొరికిన కంచు రథాలు కూడా చూడొచ్చు, వదలొద్దు.

మధ్యాహ్నానికి ఊళ్ళోకి వచ్చేయండి. ఇక్కడ్నుంచి అసలు షియాన్. చుట్టూ మింగ్ రాజుల కాలంలో, 1370ల్లో కట్టిన కోట గోడ, దాదాపు 13.7 కిలోమీటర్లు, ఎక్కడా తెగకుండా చుట్టూ నిలబడి ఉంది. పైన ఎంత వెడల్పంటే రెండు లారీలు పక్కపక్కన పోవచ్చు, కానీ పోనివ్వరు, సైకిళ్ళు అద్దెకిస్తారు. దక్షిణం వైపు యోంగ్‌నింగ్ గేట్ దగ్గర ఎక్కి మొత్తం చుట్టి రావడానికి మెల్లగా తొక్కితే రెండు గంటలు పడుతుంది, ఇటుకల నేల కాబట్టి నడుం నొప్పి ఉన్నవాళ్ళు సైకిల్ జోలికి పోకుండా ఓ గేటు నుంచి ఇంకో గేటు దాకా నడవండి చాలు. సాయంత్రం ఎండ తగ్గాక వెళ్తే, ఓ పక్క పాత పెంకుటిళ్ళు, ఇంకో పక్క అపార్ట్‌మెంట్లు, లైట్లు ఒక్కోటీ వెలుగుతుంటాయి, నాకైతే ఈ ఊళ్ళో అన్నిటికంటే ఇదే ఇష్టం. ఊరి నడిబొడ్డున 1384 నాటి గంట గోపురం, దానికి దగ్గర్లోనే 1380 నాటి నగారా గోపురం. ఈ గంట గోపురం మొదట ఇక్కడ లేదట, 1582లో మొత్తం విప్పి తెచ్చి ఇక్కడ నిలబెట్టారు.

ప్రశ్న: మా ఆయనకి కారం లేనిదే ముద్ద దిగదు. మా అత్తగారు ప్యూర్ వెజ్. మేం బీఫ్, పోర్క్ ముట్టం. మా అబ్బాయి అక్కడే మెడిసిన్ చదువుతున్నాడు, చూడ్డానికి వస్తున్నాం. ఏం తినాలి, పచ్చళ్ళు మోసుకెళ్ళాలా? (గుంటూరు పాఠకురాలు)

పచ్చడి ఓ చిన్న సీసా తెచ్చుకోండమ్మా, ధైర్యానికి. కానీ మీ ఆయన ఈ ఊళ్ళో పస్తులుండరు, నాదీ హామీ.

షియాన్ అన్నం ఊరు కాదు, గోధుమ ఊరు. నూడుల్స్, రొట్టెలు, బన్నులు, ఇవే. ఈ ఊరున్న షాన్షి రాష్ట్రం వాళ్ళ మీద పాత జోకు ఒకటుంది, వీళ్ళ నూడుల్స్ బెల్టంత వెడల్పు, రొట్టె మూకుడు మూతంత, కారాన్ని నంచుకోరు, కూరలాగా తింటారు అని. మీ ఆయనకి ముందు పెట్టించాల్సింది యోపో మియెన్. ఉడికిన వెడల్పాటి నూడుల్స్ మీద ఎండుమిర్చి పొడి, తరిగిన వెల్లుల్లి, ఉల్లికాడలు కుప్పగా పోసి, పొగలు కక్కే నూనె పైనుంచి ఒక్కసారి పోస్తారు, చుయ్‌మంటుంది చూడండి, అచ్చం మన ఇంట్లో పప్పుకి తాలింపు పడ్డట్టే. దాని మీద కొంచెం నల్ల వెనిగర్ పోస్కుని అడుగు నుంచి కలిపి తినాలి. మామూలుగా ఇందులో మాంసం ఉండదు కాబట్టి అత్తగారికి కూడా ఇదే దిక్కు, కానీ కొన్ని షాపుల్లో కీమా వేస్తారు, ఆర్డర్ ఇచ్చేముందే అడగండి. కారం ఎలా ఉంటుందంటే, రంగు చూసి భయపడతారు గానీ నోట్లో మన గుంటూరు మిర్చి అంత మంట ఉండదు, వాసన ఎక్కువ. సిచువాన్ వంటలో నాలుక మొద్దుబారిపోతుంది కదా, ఇక్కడ అంత కాదు.

అత్తగారికి ఇంకోటి, లియాంగ్‌పి. చల్లటి పిండి రేకుల్ని పట్టీల్లా కోసి, కీరా ముక్కలు, వెనిగర్, మిర్చి నూనె వేసి కలుపుతారు, నువ్వుల ముద్ద వేసేది కూడా ఉంటుంది, ఎండాకాలంలో ప్రాణం లేచొస్తుంది. గుడ్డు తినే శాకాహారులైతే టమాటా-గుడ్డు నూడుల్స్ ఏ సందులో అయినా దొరుకుతాయి. అయితే ఒక సంగతి, "వెజ్" అంటే అక్కడ చాలామందికి మాంసం ముక్కలు లేకపోవడం, అంతే, అదే గరిటె, అదే మూకుడు, ఒక్కోసారి పులుసు కూడా ఎముకలదే. అంత పట్టింపు ఉంటే బౌద్ధ శాకాహార హోటళ్ళు వెతుక్కోవాలి, అక్కడైతే బెంగ లేదు. మాంసం, గుడ్డు, ఎముకల పులుసు వద్దు అని మీ అబ్బాయి చేత చైనీస్‌లో రాయించుకుని ఫోన్లో ఫొటో పెట్టుకోండి, నోటితో చెప్పేకంటే అది చూపిస్తే పని తొందరగా అవుతుంది.

ఇక మాంసం సంగతి. నగారా గోపురం వెనకాల ముస్లిం వీధులున్నాయి, అక్కడ పోర్క్ భయం లేదు, కానీ బీఫ్ చాలా ఎక్కువ. "న్యూరో" అంటే బీఫ్, "యాంగ్రో" అంటే మటన్, "జూరో" అంటే పోర్క్, ఈ మూడూ బట్టీ పట్టండి. బన్నులో మాంసం కూరి ఇచ్చే రోజియామో ముస్లిం వీధిలో ఎక్కువగా బీఫ్‌ది, బయట పోర్క్‌ది, కాబట్టి మీకు దాంట్లో రెండు వైపులా ఇబ్బందే, వదిలేయండి. మీరు కచ్చితంగా తినాల్సింది మటన్ పావ్‌మో. గట్టి రొట్టె ఒకటి, ఖాళీ గిన్నె ఒకటి ఇస్తారు, ఆ రొట్టెని మీరే శనగ గింజంత ముక్కలుగా తుంపాలి. ఓపిక లేక పెద్ద పెద్ద ముక్కలు చేశారో లోపలికి పులుసు పట్టదు. తుంపాక గిన్నె వంటింట్లోకి వెళ్ళి, మటన్ పులుసులో ఉడికి, సేమియా, ముక్కలు వేసుకుని తిరిగొస్తుంది, పక్కన తియ్యటి ఊరవెల్లుల్లి, మిర్చి ముద్ద. మొత్తం కలిపేయకుండా అంచు నుంచి తింటూ రావాలి. అత్తగారికి రొట్టె తుంపే పని ఇవ్వొచ్చు కదా అని ఐడియా వస్తుంది మీకు, వద్దులెండి.

మెయిన్ రోడ్డు బెయ్‌యువాన్‌మెన్ మాత్రం రాత్రి పూట జనం, లైట్లు, కర్రకి గుచ్చిన స్క్విడ్‌లు, అది టూరిస్టుల కోసం. ఓసారి నడిచేసి, తినడానికి మాత్రం కాస్త పడమరగా సాజిన్‌చావ్ వీధికి పొండి, ఊరివాళ్ళు తినేది అక్కడ. తోవలోనే పెద్ద మసీదు, 742లో మొదలైందని చెప్తారు, ఇప్పుడున్న కట్టడాలు ఎక్కువగా మింగ్ కాలానివి. గుమ్మటాలు, మినార్లు వెతక్కండి, వంపు తిరిగిన చైనా పెంకు కప్పులు, తోటలు, మండపాలు, అదే దాని అందం. ప్రార్థన హాల్లోకి ముస్లింలు కానివాళ్ళని పంపరు, ఆవరణంతా తిరగొచ్చు. తీపికి పెర్సిమన్ పండు గుజ్జుతో చేసి నూనెలో వేయించే చిన్న అప్పాలు, దాహానికి బింగ్‌ఫెంగ్ అనే ఆరెంజ్ సోడా, 1953 నుంచి ఈ ఊరి పిల్లలందరూ తాగింది అదే.

ప్రశ్న: అక్కడ ఫోన్‌పే పనిచేస్తుందా? వాట్సాప్? (కరీంనగర్)

రెండూ పనిచేయవు. యూపీఐ లేదు, కాబట్టి ఇంట్లో ఉండగానే అలీపే యాప్ వేసుకుని పాస్‌పోర్ట్ వివరాలిచ్చి మీ వీసా లేదా మాస్టర్ కార్డ్ కలపండి, బ్యాంకులో ఇంటర్నేషనల్ వాడకం ఆన్ చేయించండి, అక్కడికెళ్ళాక ఓటీపీ రాకపోతే నెత్తి కొట్టుకోవాలి. 200 యువాన్లు దాటితే 3 శాతం ఫీజు పడుతుంది, అందుకని పెద్ద బిల్లుల దగ్గర చూస్కోండి. యువాన్‌కి ఎన్ని రూపాయలో బయల్దేరేముందు ఆరోజు రేటు చూస్కోండి. కాస్త క్యాష్ కూడా ఉంచుకోండి. వాట్సాప్, గూగుల్ అక్కడి నెట్‌లో రావు, ఇక్కడి సిమ్‌కి ఇంటర్నేషనల్ రోమింగ్ గానీ ట్రావెల్ ఈసిమ్ గానీ వేయించుకుంటే మామూలుగా వస్తాయి. హోటల్ వైఫైలో రాలేదని ఫోన్ పాడైందనుకోవద్దు. దారికి ఆమ్యాప్ అనే అక్కడి మ్యాప్ యాప్ వాడండి.

ప్రశ్న: చిన్నప్పుడు చదివిన హుయాన్‌త్సాంగ్ ఆ ఊరివాడేనా? ఆయన గుర్తులేమన్నా ఉన్నాయా? (ఏలూరు రిటైర్డ్ టీచర్)

మాస్టారూ, మీ ప్రశ్నకి ప్రత్యేకంగా సంతోషం వేసింది. ఆయన పుట్టింది హెనాన్‌లో గానీ, బయల్దేరిందీ, 645లో మన దేశం నుంచి 657 బౌద్ధ గ్రంథాలతో తిరిగొచ్చిందీ ఈ ఊరికే, అప్పుడు దీని పేరు చాంగాన్. ఆ గ్రంథాల్ని దాచడానికి 652లో కట్టిందే పెద్ద హంస పగోడా, మొదట ఐదంతస్తులు, తర్వాత మార్చారు, ఇప్పుడు ఏడంతస్తులు, 64 మీటర్లు. గుడి టికెట్ వేరు, పైకెక్కడానికి టికెట్ వేరు, మెట్లు ఇరుకు. మీ ఏలూరు పక్కనున్న వేంగి గురించి ఆయన రాశాడు, ధాన్యకటకంలో, అంటే మన అమరావతి వైపు, కొన్ని నెలలుండి చదువుకున్నాడు కూడా. పగోడా ముందు ఆయన విగ్రహం ఉంది, టూరిస్టులందరూ దాని కింద సెల్ఫీలు దిగి పోతుంటారు, మన ఊళ్ళు తిరిగిన మనిషని అక్కడ ఎంతమందికి తెలుసో. రాత్రయితే దానికి దక్షిణాన దాతాంగ్ బుయెచెంగ్ అని పెద్ద లైట్ల వీధి, అద్దెకి తెచ్చుకున్న పాతకాలం పట్టుబట్టల్లో అమ్మాయిలు గుంపులు గుంపులుగా ఫొటోలు తీయించుకుంటుంటారు. నాకు గోల ఎక్కువనిపించింది, పిల్లలుంటే మాత్రం తీసుకెళ్ళండి.

గ్రంథాల మీద అంత ఆసక్తి ఉంటే బెయిలిన్ మ్యూజియంకి కూడా వెళ్ళండి, అన్నీ రాతి శాసనాలే, 781లో చెక్కిన క్రైస్తవ శాసనం కూడా అందులో ఉంది. షాన్షి హిస్టరీ మ్యూజియం ఫ్రీ, అందుకే ముందే బుక్ చేయకపోతే దొరకదు, సోమవారం సెలవు.

ప్రశ్న: యూట్యూబ్‌లో చూసిన హువాషాన్ కొండ, చెక్కల మీద నడిచేది, వెళ్ళొచ్చా? మోకాళ్ళు కొంచెం నొప్పి. (వరంగల్)

రైల్లో అరగంట పైచిలుకు ప్రయాణం, కేబుల్ కార్లు రెండున్నాయి, కానీ కేబుల్ కార్ దిగాక కూడా శిఖరాల మధ్య మెట్లే మెట్లు, పైగా దక్షిణ శిఖరం 2,150 మీటర్లు దాటుతుంది. మోకాళ్ళ నొప్పికి వద్దు. యూట్యూబ్‌లోనే చూడండి.

ప్రశ్న: ఏ నెల మంచిది? వీసా ఆన్ అరైవల్ ఉందా? (విశాఖపట్నం)

ఏప్రిల్, మే నెలలు, లేదంటే సెప్టెంబర్ నుంచి అక్టోబర్ దాకా. జూలైలో ఎండ మన రామగుండంలా 40 దాకా పోతుంది, జనవరిలో సున్నా కిందకి. అక్టోబర్ 1 నుంచి వారం రోజులు వాళ్ళ జాతీయ సెలవులు, మే 1 సెలవులు, చైనా కొత్త సంవత్సరం, ఈ మూడింట్లో వెళ్తే మట్టి సైనికుల కంటే ముందు మనుషుల తలకాయలు కనిపిస్తాయి. వీసా అక్కడ దిగాక ఇస్తారని ఎవరైనా చెప్తే నమ్మొద్దు, వీసా లేకుండా 240 గంటలు ఉండనిచ్చే ట్రాన్సిట్ సౌకర్యం మన పాస్‌పోర్ట్‌కి లేదు, ఇక్కడే తీసుకుని వెళ్ళాలి. హాంకాంగ్ మీదుగా వెళ్తూ అక్కడ ఊళ్ళోకి కూడా వెళ్ళాలనుకుంటే దానికి విడిగా ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్ ఉంటుంది, అది టికెట్ కొనే ముందే చేస్కోండి.