ఒంట్లో నలుగురు అద్దెవాళ్లు, చేతిలో ఆరు లక్షల ఎఫ్‌డీ

ప్రశ్న: నా వయసు 54. ఖమ్మంలో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్చరర్‌ని. చేతికి 46 వేలు వస్తాయి. నా ఒంట్లో నలుగురు అద్దెకుంటున్నారు: షుగర్, బీపీ, థైరాయిడ్, కీళ్లవాతం. విడ్డూరం ఏంటంటే వాళ్లు అద్దె ఇవ్వరు, నెలనెలా నేనే కట్టాలి. మొత్తం 7 వేలు అవుతోంది. టెస్టులు చేయించుకునే నెలలో క్రెడిట్ కార్డు గీకుతున్నాను. కాలేజీ గ్రూప్ పాలసీలో నాకు 3 లక్షల కవర్ ఉంది, 58కి రిటైర్మెంట్. మావారికి 57, జెరాక్స్ షాపు. ఆయనకు ఏ జబ్బూ లేదు, పాలసీ కూడా లేదు. ఉన్న 6 లక్షల ఎఫ్‌డీ తీసి పాలసీ కొనాలా? ఏజెంటేమో ‘షుగర్ ఒక్కటే రాయండి, మిగతావి వద్దు’ అంటున్నాడు. నెలకోసారి స్నేహితురాళ్లతో సినిమాకు, టిఫిన్‌కు 800 అవుతుంది. అది మానేయాలా?

జవాబు: ముందు ఆ 800 సంగతి. మానేయకండి. నాలుగు జబ్బులతో రోజూ పాఠాలు చెబుతూ ఇలా నవ్వించే ఉత్తరం రాయగలిగారంటే, ఆ సాయంత్రాలకు అందులో వాటా ఉంది. బడ్జెట్‌లో దాన్ని మందుల పక్కనే రాసుకోండి.

మీ ఉత్తరంతో పాటు పంపిన ఖర్చుల కాగితం చూశాను. ఉదయం పరగడుపున వేసుకునే థైరాయిడ్ మాత్ర దగ్గర్నుంచి వారానికి ఒక్కసారే వేసుకునే కీళ్లవాతం మందు మెథోట్రెక్సేట్ దాకా అన్నీ రాశారు. మందులు 4,200. డాక్టర్ ఫీజు, ఆటో కలిపి 1,300. టెస్టులకు మూడు నెలలకోసారి 4,500. అంటే నెలకు 1,500 చొప్పున పడుతున్నట్టు. మీకు కార్డుతో ఇబ్బంది వస్తున్నది ఇక్కడే. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), లివర్, రక్త పరీక్షలు ఫలానా నెలలో వస్తాయని ముందే తెలుసు కాబట్టి ఇది అత్యవసర ఖర్చు కాదు, బియ్యం, కరెంటు బిల్లు లాగే ఇంటి ఖర్చు. జీతం పడిన రోజే మొత్తం 7 వేలూ వేరే సేవింగ్స్ ఖాతాలోకి మళ్లించండి. టెస్టుల నెల వచ్చేసరికి డబ్బు అక్కడే ఉంటుంది. కార్డు బాకీ మిగిలితే నెలకు 3 శాతం పైనే వడ్డీ పడుతుంది, కాబట్టి ఇప్పుడున్న బాకీని ముందు తీర్చేయండి. ఎఫ్‌డీలోంచి తీసి అయినా సరే.

ఈ 7 వేలు ఏ పాలసీ కొన్నా తగ్గవు. మామూలు ఆరోగ్య బీమా ఆసుపత్రిలో చేరినప్పుడు ఇస్తుంది, మందుల షాపు బిల్లుకు ఇవ్వదు. మందుల ఖర్చు తగ్గాలంటే జన ఔషధి కేంద్రంలో అడగండి. బీపీ, షుగర్ మాత్రలు అక్కడ సగం ధరకు, అంతకన్నా తక్కువకు కూడా దొరుకుతాయి. థైరాయిడ్ మాత్ర బ్రాండ్ మాత్రం డాక్టర్‌కు చెప్పకుండా మార్చకండి. మారిస్తే థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్ మళ్లీ చూడాల్సి ఉంటుంది. డబ్బు కోసం ఏ మాత్రా రోజు విడిచి రోజు వేసుకోవద్దు.

ఇక పాలసీ. మీ వయసే ఇక్కడ అసలు విషయం. ఐఆర్‌డీఏఐ (బీమా నియంత్రణ సంస్థ) నిబంధన ప్రకారం, ముందే ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ (వాటి చికిత్సకు బీమా ఇవ్వని తొలి గడువు) 36 నెలలకు మించకూడదు. 2024 ఏప్రిల్‌కు ముందు అది 48 నెలలుండేది. ఈ ఏడాదే సొంత పాలసీ తీసుకుంటే, వెయిటింగ్ మీకు 57 వచ్చేసరికి పూర్తవుతుంది. అప్పటిదాకా కాలేజీ పాలసీ ఉండనే ఉంది. గ్రూప్ పాలసీలు చాలావరకు పాత జబ్బులకు మొదటి రోజు నుంచే ఇస్తాయి, మీదాంట్లోనూ అలా ఉందో లేదో ఆఫీసులో చూపించమనండి. రిటైరయ్యాక చూద్దాంలే అనుకుంటే 58 నుంచి 61 దాకా ఆ నలుగురికీ కవర్ ఉండదు. 70 నిండితే ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు కింద 5 లక్షల దాకా చికిత్స అందుతుంది గానీ, నడుమ పన్నెండేళ్లు మీవే.

కీళ్లవాతం చూసి ఒక కంపెనీ కాదనొచ్చు, ఇంకొకటి ప్రీమియం పెంచి ఇవ్వొచ్చు. మొదటి ‘నో’తో ఆగకండి, కనీసం మూడు చోట్ల అడగండి. 5 లక్షల బేస్ పాలసీ, దాని మీద 5 లక్షల డిడక్టిబుల్‌తో సూపర్ టాప్-అప్ (ఏడాదిలో బిల్లులు ఆ 5 లక్షలు దాటాక మిగతాది ఇచ్చేది) అయితే ప్రీమియం మోయగలిగేలా ఉంటుంది. ఆసుపత్రి రూమ్ అద్దె పరిమితి, కో-పే (బిల్లులో మీరు కట్టాల్సిన వాటా) ఎంతో చూసుకోండి. మీవారికి విడిగా తీసుకోండి. ఆయన ఆరోగ్యంగా ఉన్నారు, మీతో కలిపి ఫ్లోటర్ (ఇద్దరికీ ఒకే కవర్) తీసుకుంటే మీ జబ్బుల భారం ఆయన మీదా పడుతుంది. ఆయన పాలసీ ముందు పూర్తి చేయండి, ఇప్పుడు ఆయనకు ఏ కవరూ లేదు.

ఏజెంట్ మాట మాత్రం వినకండి. ప్రపోజల్ ఫారంలో నాలుగూ రాయండి, ఏ ఏడు బయటపడ్డాయో, ఏ మందులు వాడుతున్నారో కూడా. రేపు ఆసుపత్రిలో చేరితే డిశ్చార్జ్ సమ్మరీలో డాక్టర్ ఎలాగూ పాత చరిత్ర అంతా రాస్తారు. దాచారని తేలితే క్లెయిమ్ పోతుంది, పాలసీ కూడా పోవచ్చు. ఐదేళ్లు నిండితే కంపెనీ ప్రశ్నించదంటారు. ఆ రక్షణ నిజమే, కానీ మోసం అని తేలిన చోట వర్తించదు. పన్ను ఆదా అవుతుందని కూడా చెబుతాడేమో. మీ జీతానికి కొత్త పన్ను విధానంలో పన్నే లేదు, ప్రీమియం మీద మినహాయింపు ఇచ్చే సెక్షన్ 80డీతో మీకు పని లేదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద 18 శాతం జీఎస్టీ తీసేశారు, మీకు దక్కే లాభం అదే. కొటేషన్‌లో జీఎస్టీ కలిపి చూపిస్తే అడగండి.

ప్రీమియం కోసం ఎఫ్‌డీ అంతా తీయొద్దు. ఏటా కట్టాల్సింది కాబట్టి నెలనెలా ఆర్‌డీ వేసి కట్టుకోండి. కార్డు బాకీ పోగా మిగిలినదాన్ని మూడు ఎఫ్‌డీలుగా విడగొట్టండి, అవసరమైతే ఒక్కటే తెంచవచ్చు. వాటిలో 3 లక్షలు ఆసుపత్రి కోసమే. వెయిటింగ్ పీరియడ్‌లో ఏదైనా జరిగినా, గ్లౌజులు, సిరంజిల్లాంటి బీమా ఇవ్వని వాటికైనా అదే ఆసరా.

ఈ వారమే కాలేజీ ఆఫీసులో ఇంకో ప్రశ్న అడగండి: రిటైరయ్యేటప్పుడు ఈ గ్రూప్ పాలసీ నుంచి అదే కంపెనీ వ్యక్తిగత పాలసీలోకి మారే వీలుందా, ఇన్నేళ్ల వెయిటింగ్ లెక్కలోకి వస్తుందా అని. అవునంటే కాగితం మీద రాయించుకోండి. అలాగని సొంత పాలసీ ఆపకండి, మీ రిటైర్మెంట్ లోపు కాలేజీ బీమా కంపెనీనే మార్చేయవచ్చు.